అనుత్తీర్ణ ఆచార్యురాలు

సువార్త నాలుగోసారి కూడా తప్పింది.

నెట్ సెంటర్‌లో తన నంబరు ఎదురుగా ఉన్న ఎర్ర అక్షరాలను రెండుసార్లు చదువుకుని, బయటికొచ్చి ఇంటికి ఫోను చేసింది. అత్తగారు సంతోషమ్మ ఎత్తింది.

"తప్పింది అత్తా," అంది సువార్త.

అవతల సంతోషమ్మ గొంతు తగ్గించి, "ఎన్నో నెలే?" అని అడిగింది.

నెల కాదు, పరీక్ష అని చెప్పేలోపే ఫోను కట్టయిపోయింది. సువార్త ఇల్లు చేరేసరికి పొయ్యిమీద సేమ్యా పాయసం ఉడుకుతోంది. ఇరుగూ పొరుగూ అరుగుమీద చేరి పుట్టబోయే బిడ్డకు పేర్లు ఆలోచిస్తున్నారు. సంగతి తెలిశాక సంతోషమ్మ గిన్నెమీద మూత పెట్టి, "దానికీ దీనికీ ఒకటే మాటేంటే? సదువుకున్నోళ్ళు, ఇంకో మాట పెట్టుకోలేపోయారా?" అని విసుక్కుంది. పాయసం మాత్రం వృథా పోలేదు.

సువార్త నర్సింగు చదివి చాలా ఏళ్ళయింది. పిఠాపురంలో ఒక చిన్న నర్సింగ్ హోములో వార్డు పనంతా ఆమె చేతుల మీదుగానే నడిచేది. అంతలో కొత్త చట్టం వచ్చింది. రాష్ట్ర శుశ్రూషా ప్రమాణాల మండలి వారి లైసెన్సు పరీక్ష పాసైనవాళ్ళు తప్ప ఇంకెవరూ రోగిమీద చెయ్యి వేయకూడదు. మర్నాటినుంచి ఆమెను వార్డులోంచి తీసి ముందు గదిలో టోకెన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. లోపల ఎవరైనా మూలిగితే సువార్త కుర్చీలోంచి సగం లేచేది. చట్టం గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేది. రోజంతా అలా లేస్తూ కూర్చుంటూ ఉండడం వల్ల మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి తప్ప వార్డులోకి వెళ్ళే దారి మాత్రం దొరకలేదు.

పరీక్షలో ఆమెకు వచ్చిన చిక్కు ఒక్కటే. ప్రశ్న కింద నాలుగు జవాబులిచ్చి సరైనది గుర్తించమంటారు. వార్డులో ఆమె ఆ నాలుగు పనులూ చేసేది కాబట్టి నాలుగూ సరైనవిగానే కనిపించేవి. "జ్వరంతో మూర్ఛ వచ్చిన పిల్లవాడి విషయంలో మొట్టమొదట చేయవలసినది ఏది?" అని అడిగితే, ఆమె కళ్ళకు పిల్లవాడికంటే ముందు వాడి తల్లి కనబడేది, గుండెలు బాదుకుంటూ. 'తల్లికి ధైర్యం చెప్పవలెను' అన్నదాని పక్కన గుర్తు పెట్టి వచ్చేది. ఆ ప్రశ్న నాలుగుసార్లూ వచ్చింది. నాలుగుసార్లూ ఆమెకు తల్లే కనబడింది.

"పోనీలే, మళ్ళీ రాద్దువుగాని," అన్నాడు భర్త ఏసోబు. అతను మెకానిక్. స్టార్టు కాని బండిని మళ్ళీ తన్నడం అతనికి అలవాటే.

అయినా సువార్తకు మనసొప్పలేదు. పేపరు మళ్ళీ దిద్దించుకునే వీలుందేమో కనుక్కుందామని కాకినాడ బస్సెక్కి మండలి కార్యాలయానికి వెళ్ళింది.

అక్కడ సూపరింటెండెంటు సోమయాజులు గారు. మండలి నిబంధనలన్నీ ఆయనకు కంఠస్థం. ఎవరైనా వస్తే ముందు నిబంధన నంబరు చెప్పి, వాళ్ళు అప్పటికీ వెళ్ళకపోతే అప్పుడు కుర్చీ చూపించేవాడు. సువార్త తన సంగతి చెప్పుకుంటూ ఉంటే ఆయన తలెత్తకుండానే విన్నాడు.

"నాలుగుసార్లన్నావా?" అన్నాడు చివరికి.

"ఆయ్, నాలుగేనండి."

"వరసగానా?"

"వరసగానేనండి. మధ్యలో ఒక్కటీ వదల్లేదు."

సోమయాజులు లేచి నిలబడ్డాడు. "కూర్చోండమ్మా," అన్నాడు. "కాఫీ తాగుతారా?"

సువార్తకు భయం వేసింది. మండలిలో కాఫీ ఇచ్చారని అంతవరకూ ఎవరూ చెప్పగా ఆమె వినలేదు.

కాఫీ తాగాక ఆమెను అధ్యక్షుల వారి గదిలోకి తీసుకెళ్ళారు. అధ్యక్షులు ఉపేంద్రవర్మ గారు అంతకుముందు మత్స్యశాఖలో పనిచేశారు. మండలికి వచ్చిన కొత్తలోనే ఆయన్ని ఒక చల్లటి కొండ ఊళ్ళో వారం రోజుల శిక్షణ శిబిరానికి పంపారు. వెళ్ళేటప్పుడు ఆయన మామూలుగానే వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పరాజయమంటే అపారమైన గౌరవంతో వచ్చారు.

"చూడండి సువార్తగారూ," అన్నారు ఆయన, "ఉత్తీర్ణుడైనవాడు పరీక్షను ఒక్కసారి చూస్తాడు. చూసి పారిపోతాడు. వాడికి పరీక్ష గురించి ఏం తెలుస్తుంది? మీరు నాలుగుసార్లు చూశారు. నాలుగు వైపులనుంచీ చూశారు. ఇంతటి అనుభవాన్ని ఈ రాష్ట్రం టోకెన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టిందంటే మనమందరం సిగ్గుపడాలి."

సువార్త తనవంతు సిగ్గుపడి తల వంచుకుంది.

పక్షం తిరగకుండానే ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, పదేపదే అనుత్తీర్ణులగుట ద్వారా అభ్యర్థులు ఆర్జించుచున్న అమూల్యమైన అనుభవము ఇంతవరకు నిరుపయోగముగా పోవుచున్నట్లు మండలి గమనించినది. కావున 'పరాజయ అనుభవ సద్వినియోగ పథకము' క్రింద, నాలుగు పర్యాయములకు తక్కువ కాకుండా అనుత్తీర్ణులైనవారిని కొత్త అభ్యర్థులకు మార్గదర్శులుగా నియమించుటకు నిర్ణయమైనది. ఉత్తీర్ణులు దరఖాస్తు చేయనవసరము లేదు."

ఆ ఉద్యోగానికి జరిగిన మౌఖిక పరీక్షకు సువార్తతో పాటు తునినుంచి ఒకాయన వచ్చాడు. తాను ఏడుసార్లు తప్పానని చెప్పుకున్నాడు. సువార్త ఆశ వదులుకుంది. కానీ సోమయాజులు పాత హాజరు పట్టీలు తిరగేసి, ఆ ఏడింటిలో నాలుగింటికి ఆయన అసలు పరీక్షకే రాలేదని తేల్చాడు. "హాజరు లేని అనుత్తీర్ణత చెల్లదు," అని ఉపేంద్రవర్మగారు కఠినంగా చెప్పి పంపేశారు. మార్గదర్శి ఉద్యోగం సువార్తకు వచ్చింది. బల్లమీద ఆమె పేరుతో చెక్క పలక పెట్టారు. పేరు కింద 'అనుత్తీర్ణ (నాలుగు)' అని కూడా చెక్కించారు.

సంతోషమ్మ వీధిలో ఇంటింటికీ చెప్పి వచ్చింది. "మా కోడలు తప్పడంలో పెద్ద ఆఫీసరయ్యిందమ్మా."

మొదటి తరగతిలో కూర్చున్నవాళ్ళంతా అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన అమ్మాయిలు. వాళ్ళలో గంగాభవాని అనే పిల్ల ఏజెన్సీనుంచి వచ్చింది. వాళ్ళ కొండల్లో ఒక చిన్న ఆసుపత్రి ఉంది. అందులో ఉన్న ఒక్క సిస్టరూ త్వరలో రిటైరవుతుంది. లైసెన్సున్నవాళ్ళు ఇంకెవరూ లేకపోతే దానికి తాళం వేసేస్తారు. ఆలోపు పాసై అక్కడికి పోవాలని గంగాభవాని ఆత్రం.

ఏం చెప్పాలో సువార్తకు మొదట తెలియలేదు. తాను తప్పిన తీరు చెప్పడమే తన ఉద్యోగం కాబట్టి అదే చెప్పింది. మూర్ఛ వచ్చిన పిల్లవాడి ప్రశ్న చదివి, తాను తల్లిని ఎంచుకున్నానని చెప్పింది. అమ్మాయిలు నవ్వారు.

"మరి తల్లిని సూడాలి గదండి మేడమ్?" అంది గంగాభవాని.

"చూడాలే. నేనూ అదే అనుకున్నాను," అంది సువార్త. ఆగి ఆలోచించింది. "కానీ నేను ఆవిణ్ణి ఊరుకోబెడుతూ కూర్చుంటే అక్కడ పిల్లాడికి ఊపిరి అడ్డం పడుతుంది. ముందు వాణ్ణి పక్కకి తిప్పాలి. తల్లి ఏడుపు మనం తర్వాతైనా ఆపొచ్చు."

ఇలా ఒక్కొక్క తప్పూ ఎందుకు తప్పో చెప్పాల్సి వచ్చేసరికి, ఒప్పు ఏమిటో ముందు రోజే చదువుకుని రావలసి వచ్చేది. పరీక్ష రాసిన అన్నిసార్లూ తలకెక్కని పుస్తకం, ఇంకొకరికి చెప్పాల్సి వచ్చాక తలకెక్కింది. మండలి చిహ్నంలోని దీపానికి ఎన్ని వత్తులు, మొదటి అధ్యక్షుల వారి జన్మస్థలం ఏది వంటి కఠినమైన ప్రశ్నలు కూడా ఆమెకు లొంగాయి.

ఫలితాలొచ్చాయి. సువార్త తరగతిలోని అమ్మాయిలందరూ పాసయ్యారు. ఆమె స్వీట్ల పెట్టె పట్టుకుని అధ్యక్షుల గదిలోకి వెళ్ళింది.

"ఎంతమంది తప్పారు?" అన్నారు ఉపేంద్రవర్మగారు.

"ఒక్కరూ తప్పలేదండి."

ఆయన చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది. "ఒక్కరూ?"

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టారు. తలుపు పక్కన కూర్చున్న సువార్తకు మొదట ఏమీ అర్థం కాలేదు. అధ్యక్షుల వారు మాట్లాడుతున్న కొద్దీ ఆయన బాధ తెలిసింది. అందరూ మొదటిసారే పాసైపోతే ఇక తప్పేవాళ్ళెవరు? తప్పేవాళ్ళు లేకపోతే రేపు మార్గదర్శులు ఎక్కడనుంచి వస్తారు? మార్గదర్శులే లేకపోతే పథకం ఎలా నడుస్తుంది?

"ఈ ఉత్తీర్ణతలో లోతు లేదు," అన్నారు ఆయన. "పునాది లేకుండా లేపిన మేడ ఇది. ఒక్కసారైనా తప్పనివాడి చేతిలో రోగి ప్రాణం ఎలా పెడతాం?"

సభ్యులందరూ గంభీరంగా తలలూపారు. కొత్త నిబంధన వచ్చింది. కనీసం రెండు పర్యాయములు అనుత్తీర్ణులు కానివారి ఉత్తీర్ణత తాత్కాలికముగా పరిగణింపబడును. సదరు ఉత్తీర్ణత మండలి భాండాగారమునందు భద్రపరచబడి, నిర్ణీత అనుత్తీర్ణతలు పూర్తి అయిన పిమ్మట అభ్యర్థికి అందజేయబడును.

"అంటే ఏంటండీ?" అని అడిగింది గంగాభవాని.

"పాసయ్యావు. కానీ ఆ పాసు స్టోరు రూములో ఉంటుంది," అంది సువార్త. "రెండుసార్లు ఫెయిలైతే ఇస్తారు."

"ఫెయిలవడం ఎంతలో పనండి. తెల్ల పేపరు ఇచ్చేత్తాను."

ఆ మాటే అందరికీ తోచింది. తర్వాతి పరీక్షలో కట్టలకొద్దీ తెల్ల పేపర్లు వచ్చాయి. ఉపేంద్రవర్మగారు వాటిని చూసి తీవ్రంగా నొచ్చుకున్నారు. కష్టపడకుండా తప్పడం పరాజయాన్ని అవమానించడమేనన్నారు. ఇంకో నిబంధన వచ్చింది. పాసు మార్కు యాభై. నలభైకీ యాభైకీ మధ్యన వస్తేనే అది నాణ్యమైన అనుత్తీర్ణత. నలభై లోపు వచ్చినవారు తప్పినట్లు కాదు. తప్పడంలో తప్పినట్లు. వారు మళ్ళీ మొదటినుంచీ తప్పుకుంటూ రావాలి.

ఇప్పుడు సువార్త చెప్పవలసిన పాఠం మారింది. కొంచెంలో తప్పడం ఎలా అన్నది నేర్పాలి. అంటే ముందు అన్ని ప్రశ్నలకూ సరైన జవాబులు తెలుసుకుని, వాటిలో సగానికి పైన పొరపాటుగా రాయాలి. అయితే ఏది పొరపాటో తెలియాలంటే ఒప్పు ఇంకా బాగా తెలియాలి. అమ్మాయిలు ఇదివరకటికంటే ఎక్కువ చదవడం మొదలుపెట్టారు. గంగాభవాని పుస్తకం మీదే కునుకు తీసేది.

ఫలితాల రోజున ఆ పిల్ల ఏడుస్తూ వచ్చింది.

"మళ్ళీ పాసైపోయానండీ," అంది. "తప్పు జవాబులు లెక్క ఎట్టుకునే రాశానండి. ఓ రెండు మూడు చోట్ల చెయ్యి దానంతటదే సరైనదాని మీదకి పోయింది."

సువార్త ఆ పిల్ల వీపు నిమిరింది. పాసైందని ఏడ్చే పిల్లను ఊరడించడం ఏ పుస్తకంలోనూ లేదు.

ఈలోగా ఆసుపత్రులనుంచి మండలికి ఉత్తరాలు రావడం మొదలైంది. నర్సులు లేరు, వార్డులు మూసేస్తున్నాం, ఎప్పుడు పంపుతారు అని. అన్నిటికీ మండలి ఒకటే సమాధానం ఇచ్చింది. "అభ్యర్థులు పరిపక్వమగుచున్న దశలో ఉన్నారు. తొందరపడి కోయరాదు." ఉపేంద్రవర్మగారు మత్స్యశాఖనాటి చేపల చెరువుల భాషను అప్పటికి వదిలి మామిడితోటల భాషలోకి వచ్చారు.

సువార్త ఇంట్లో మాత్రం పరిస్థితి బాగుంది. జీతం నెలనెలా వస్తోంది. ఏసోబు షెడ్డుకు రేకులు మార్పించాడు. సంతోషమ్మ పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చుంటోంది. పైగా అధ్యక్షుల వారు ఒక రోజు పిలిచి, ఇంకొక్కసారి తప్పితే ఆమెకు 'అనుత్తీర్ణ ఆచార్య' బిరుదు ఇస్తామన్నారు. శాశ్వత ఉద్యోగం, మెత్తటి కుర్చీ, బల్లమీద ఇత్తడి పలక. "ఇదే ఈ రాష్ట్రంలో తొలి పీఠం," అన్నారు. "నలభై అయిదు తెచ్చుకోండి చాలు. నిండుగా ఉంటుంది."

ఆమె సరేనంది. నిజంగానే సరేననుకుంది. వార్డు గుర్తొచ్చి మనసు లాగే రోజులు తగ్గిపోయాయి. మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి.

గంగాభవాని కొన్నాళ్ళు తరగతికి రాలేదు. వచ్చిన రోజున అందరూ వెళ్ళేదాకా వెనక బల్లమీద కూర్చుని ఉంది.

"ఏమైందే?" అంది సువార్త.

"మా సిస్టరమ్మ రిటైరైపోయిందండి. తాళం ఏసేశారు." ఆ పిల్ల గోళ్ళు చూసుకుంటూ చెప్పింది. "నేనింటికి ఎళ్ళిన రోజున పైఊరినుంచి ఒకావిణ్ణి డోలీ కట్టి మోసుకొచ్చారండి. నొప్పులు. ఆసుపత్రి కాడికొచ్చి తాళం సూసి, మళ్ళీ ఎత్తుకుని కిందకి బయల్దేరారు. నేను ఎనకాలే ఎళ్ళాను. దారిలోనే అయిపోయిందండి కాన్పు. పిల్లాడు ఏడవలేదండి. నోట్లో యేలు పెట్టి శుభ్రం సేసి, వీపు రుద్దితే అప్పుడు ఏడ్సాడు."

"మంచి పని చేశావు."

"ముట్టుకున్నాను గదండి," అంది గంగాభవాని. "లైసెన్సు లేకుండా. మండలికి తెలిత్తే ఏం సేత్తారండి?"

సువార్త పక్కగది తలుపు వైపు చూసింది. ఈ పిల్ల రెండుసార్లు పాసైంది. రెండు పాసులూ పక్కగదిలో బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తాళం ఎక్కడుంటుందో కూడా సువార్తకు తెలుసు. అయినా ఇన్నాళ్ళూ తాను ఈ పిల్లకు నేర్పింది తప్పడం. బాగా నేర్పుతున్నానని మురిసిపోయింది కూడా. తన పేరున్న చెక్క పలకను బల్లమీద బోర్లించింది. అయితే అది అక్కడ ఉన్నా బోర్లించినా ఒరిగేదేమీ లేదని ఆమెకు తెలుసు.

"నేను కనుక్కుంటాలే," అంది చివరికి. ఏం కనుక్కుంటుందో ఆమెకే తెలియదు.

సువార్త అయిదోసారి పరీక్షకు కూర్చుంది. బయట అధ్యక్షుల వారు పత్రికలవాళ్ళను పిలిపించి ఉంచారు. శాలువా, పూలదండ తయారుగా ఉన్నాయి.

ప్రశ్నపత్రం తెరవగానే మూర్ఛ వచ్చిన పిల్లవాడు కనబడ్డాడు. వాడి పక్కనే తల్లి కూడా ఉంది. ఎప్పటిలాగే గుండెలు బాదుకుంటోంది. 'తల్లికి ధైర్యం చెప్పవలెను' అన్నదాని మీద సువార్త కలం ఆగింది. ఇక్కడ గుర్తుపెడితే మెత్తటి కుర్చీ వస్తుంది. ఇన్నేళ్ళూ తెలియక పెట్టింది, ఇప్పుడు తెలిసి పెట్టాలి. అంతే తేడా.

కాస్త పక్కకి జరగమ్మా అని మనసులోనే ఆ తల్లితో చెప్పి, సువార్త పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ వార్డులో మంచాల్లాగా వరసగా కనబడ్డాయి. ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్ళి చేయాల్సింది చేసుకుంటూ వచ్చింది. గంట కొట్టేసరికి ఆమె మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఆ నొప్పి బాగుందనిపించింది.

ఆ ఏడాది పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు సువార్తకే వచ్చాయి.

మండలి చరిత్రలో అంతటి అప్రదిష్ట ఎన్నడూ జరగలేదు. శాలువా బీరువాలో పెట్టేసి విచారణ సంఘం వేశారు. ఉపేంద్రవర్మగారు మధ్యలో కూర్చున్నారు, ఇద్దరు సభ్యులు అటూ ఇటూ. సోమయాజులు నిబంధనల గ్రంథం తెరిచి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"సువార్తగారూ, మీపై మోపబడిన అభియోగం ఉత్తీర్ణత," అన్నారు అధ్యక్షుల వారు. "ఇది ఉద్దేశపూర్వకంగా జరిగిందా, పొరపాటున జరిగిందా?"

"ప్రశ్నలు చదివి రాశానండి."

"చదివే రాశారా?" అని ఎడమవైపు సభ్యుడు ముందుకు వంగాడు. "చదవకుండా రాసి ఉంటే కొంత వెసులుబాటు ఉండేది."

"చదివే రాశానండి."

"మీమీద మండలి పెట్టుకున్న నమ్మకం ఏమైపోయింది?" అన్నారు ఉపేంద్రవర్మగారు నొచ్చుకుంటూ. "నలభై అయిదు తెచ్చుకోమన్నాను. నిండుగా ఉంటుందన్నాను."

సువార్తకు ఆయన్ని చూస్తే నిజంగానే జాలేసింది. "క్షమించండి సార్," అంది.

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నిబంధనల ప్రకారం చూస్తే ఇక్కడ ఒక విశేషముంది. ఈమెకు మండలి అప్పగించిన పని తప్పడం. ఆ పనిలో ఈమె తప్పింది. కాబట్టి ఇది కూడా ఒక అనుత్తీర్ణతే. ఆ లెక్కన అయిదోది పూర్తయింది. ఆచార్య పీఠానికి ఈమె అర్హురాలే."

అధ్యక్షుల ముఖం వెలిగింది. అంతలోనే మళ్ళీ మసకబారింది. "కానీ పాసై కూర్చుంది కదా సోమయాజులుగారూ. పాసైనవాళ్ళను పీఠం మీద కూర్చోబెడితే లోకం నవ్వదూ?"

"అదీ నిజమే. అప్పుడు తీవ్ర క్రమశిక్షణా చర్య ఒక్కటే దారి." ఆయన పేజీ తిప్పి, ఎవరివైపూ చూడకుండా చదివాడు. "'పథకమునకు విరుద్ధముగా ఉత్తీర్ణులైనవారిని భవిష్యత్తులో అనుత్తీర్ణులగుటకు జీవితాంతము అనర్హులుగా ప్రకటించవలెను. సదరు వ్యక్తి మరల పరీక్ష వ్రాయు అవకాశము లేకుండా, లైసెన్సును వెంటనే జారీ చేసి మండలితో సంబంధము తెంచివేయవలెను. అట్టివారిని ఎవరూ పోని ప్రదేశమునకు పంపవలెను.' ఇంతకంటే పెద్ద శిక్ష మన గ్రంథంలో లేదండి."

గదిలో అందరూ బరువుగా ఊపిరి వదిలారు. సువార్త మాత్రం ఊపిరి బిగపట్టింది. సోమయాజులు వైపు చూసింది. ఆయన గ్రంథం మూసి, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"మీరు చెప్పుకునేదేమైనా ఉందా?" అన్నారు ఉపేంద్రవర్మగారు.

సువార్త ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది.

"ఉందండి. ఈ నేరం నేనొక్కదాన్నే చెయ్యలేదండి."

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"నా దగ్గర చదువుకున్న పిల్లలందరూ చేశారండి. మొదటి తరగతిలో ఒక్కరు కూడా మిగల్లేదు. గంగాభవాని అని ఒక అమ్మాయుంది, అది రెండుసార్లు చేసింది. రెండోసారి తప్పమని నేను గట్టిగా నేర్పాక కూడా చేసింది. సాక్ష్యాలు మీ స్టోరు రూములోనే ఉన్నాయండి."

"అంతమందా?" అన్నాడు కుడివైపు సభ్యుడు. "ముఠానా?"

"అందరికీ నేర్పింది నేనేనండి. నాకు పడ్డ శిక్షే వాళ్ళకీ పడాలండి. లేకపోతే నన్నొక్కదాన్నే కక్షకట్టి పంపేశారని బయట చెప్పుకుంటారు."

పక్షపాతమనే మాట వస్తుందేమోనని అధ్యక్షుల వారికి దిగులు పట్టుకుంది. ఆయన సభ్యులతో గుసగుసగా మాట్లాడారు. సోమయాజులును అడిగారు. ముఠాగా చేసినవారికి శిక్ష తగ్గించే నిబంధన ఏదీ లేదని సోమయాజులు విచారంగా చెప్పాడు.

మర్నాడు స్టోరు రూము తెరిచారు. బీరువాలోని పాసులన్నీ బయటికి తీసి, ఒక్కొక్కరికీ కఠినమైన మందలింపు పత్రం జతచేసి లైసెన్సులు ఇచ్చేశారు. గంగాభవానికి రెండు మందలింపులు వచ్చాయి. ఆ పిల్ల ఆ కాగితాలు ఎటు పట్టుకోవాలో తెలియక గుండెలకు హత్తుకుని నిలబడింది.

"నామీద చెప్పేశారంట గదండి మేడమ్," అంది.

"చెప్పేశానే."

"థాంక్సండి."

ఎవరూ పోని ప్రదేశాలు ఏవేవి ఉన్నాయని మండలి వారు వెతికితే, చాలా ఉన్నాయని తేలింది. సువార్తనూ గంగాభవానినీ ఇద్దరినీ ఆ తాళం వేసిన ఆసుపత్రికే పంపారు. నేరస్తులను ఒకే చోట ఉంచితే కనిపెట్టి ఉండడం సులువని కుడివైపు సభ్యుడు సలహా ఇచ్చాడట.

బయల్దేరే రోజున సంతోషమ్మ సామాను సర్దుతూ, "పెద్ద ఆఫీసరు పని పోగొట్టుకుని కొండలెక్కుతానంటావేంటే," అని సణుగుతూనే ఉంది. ఏసోబు తన స్కూటరు బ్రేకులు సరిచేసుకుని, వారం వారం వస్తానన్నాడు. ఆ బండి ఘాట్ రోడ్డు ఎక్కదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె సరేనంది.

ఆసుపత్రి తాళం తుప్పుపట్టి, తాళంచెవితో తెరుచుకోలేదు. గంగాభవాని రాయి తెచ్చి పగలగొట్టింది. లోపల గబ్బిలాల కంపు. ఇద్దరూ రోజంతా ఊడ్చి, కడిగి, ఆరబెట్టారు. సాయంత్రానికే అరుగుమీద మనుషులు కూర్చుని ఉన్నారు.

మొదట వచ్చినవాడు ఒక ముసలాయన. కాలికి గొడ్డలి తగిలి రెండు రోజులైంది. గాయం ఉబ్బింది. సువార్త అతని పక్కన చతికిలబడి, కట్టిన గుడ్డను నీళ్ళతో తడిపి మెల్లగా విప్పింది. ఆయన ఆమెనూ, ఆమె తెల్ల చీరనూ అనుమానంగా చూశాడు.

"నువ్వు పాసైన నర్సువేనా అమ్మా?"

"పాసయ్యాను తాతా. అందుకే ఇక్కడికి పంపారు, శిక్ష వేసి."

ముసలాయన దాని గురించి కొంతసేపు ఆలోచించాడు. "పాసైతే శిక్షేటి? ఆళ్ళకి బుర్ర లేదా?"

"ఉంది తాతా, పెద్ద పెద్దవాళ్ళు."

"అయితే శిక్ష ఎన్నాళ్ళు?"

"జీవితాంతం," అంది సువార్త.

"అయ్యో తల్లీ," అన్నాడు ముసలాయన, నిజంగా బాధపడుతూ. సువార్త నవ్వు ఆపుకుంటూ గాయం మీదకు వంగింది.

"కాలు వదులుగా పెట్టు తాతా. కొంచెం మండుతుంది," అంది.